అల్యూమినియపు ఓడకంబమునకు మరల రంగు వేయుట

తెరచాప పడవకు గాలియే బలము. ఆ గాలిబలమును తెరచాపనుండి గ్రహించి పడవకు అందించునది కంబము. కంబము విరిగినచో తెరచాప యెంత గట్టిదైనను తడిసిన గుడ్డయే. నడిసముద్రమున విరిగిపడిన కంబము మరియొక కీడు కూడ చేయును. అది తాళ్లతో పడవకు తగులుకొని, కెరటము వచ్చినప్పుడెల్ల పడవ ప్రక్కను పొడుచుచు చిల్లి పెట్టగలదు. కావున కంబమునకు రంగు వేయుట కేవలము అలంకారమని తలపరాదు. అందుకై దానిని దింపి, పరుండబెట్టి, మొదలునుండి కొనవరకు చేతితో తడవి చూచుటలోనే సగము ప్రయోజనమున్నది.

పూర్వము కంబములన్నియు కొయ్యవే. మన కోరంగి ఓడలును కొయ్యకంబములతోనే బంగాళాఖాతము దాటినవి. 1930లో అమెరికాలోని న్యూపోర్టు సముద్రమున జరిగిన అమెరికా కప్పు పందెములో ‘ఎంటర్‌ప్రైజ్’ అను నౌక డ్యురాల్యుమిన్ అను మిశ్రలోహపు కంబముతో దిగి, సర్ థామస్ లిప్టన్ పంపిన ‘షామ్‌రాక్ 5’ను వరుసగా నాలుగు పందెములలో ఓడించెను. ఈ లిప్టనుగారు మనము ఎరిగిన తేయాకు పొట్లముల లిప్టనే. డ్యురాల్యుమిన్‌లో రాగి కలిసియుండుటచే ఉప్పునీటిని అంతగా ఓర్వజాలదు. నేటి పడవల కంబములకు సాధారణముగ మెగ్నీషియము, సిలికాను కలిపిన అల్యూమినియమును వాడుదురు. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగగా అల్యూమినియము 2.7 గ్రాములే తూగును. గడ్డిబండిపై మోపులు మితిమీరి ఎత్తుగా వేసినచో మలుపున ఏమగునో మీరెరుగుదురు. పడవకును అంతే. ఎత్తున నుండు బరువు ఎంత తగ్గిన, పడవ అంత నిలుకడగ నుండును.

మన యిండ్లలో ‘సిల్వరు గిన్నెలు’ అని పిలువబడునవి వెండివి కావు, అల్యూమినియపువే. వాటికి ఇనుమువలె ఎఱ్ఱని త్రుప్పు ఏల పట్టదు? అల్యూమినియమునకు త్రుప్పు లేదనుట పొరపాటు. నిజమునకు అది గాలి తగిలిన తక్షణమే త్రుప్పు పట్టును. అయితే ఆ త్రుప్పు పొర మిక్కిలి పలుచనిది. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందు కొన్ని భాగముల మందము మాత్రమే. ఇనుపత్రుప్పు రాలిపోయి క్రింది లోహమును మరల బయటపెట్టును. అల్యూమినియపు పొర అట్లు గాక గట్టిగా అంటుకొని, క్రింది లోహమునకు కవచమగును. పులుసు నిలువయుంచిన గిన్నెకు గుంటలు పడుట, చాకలిసోడాతో తోమిన గిన్నె నల్లబడుట మీరు చూచియుందురు. పులుపును క్షారమును ఆ కవచమును కరగించును. సముద్రపు ఉప్పు కూడ దానిని అక్కడక్కడ పొడిచి, సూదిమొనంత గుంటలు చేయును. కర్మాగారములలో కంబమును ఆమ్లపు తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి, ఈ పొరను మిల్లీమీటరులో వేయవవంతులు ఇరువదివరకు దళసరి చేయుదురు. దీనిని ఆనోడైజు చేయుట యందురు. అందులకు కంబమంత పొడవు తొట్టి కావలెను గనుక అది ఇంటివద్ద సాధ్యమగు పని కాదు. పాతబడిన కంబమునకు రంగే శరణ్యము.

అంతకంటె పెద్ద శత్రువు వేరొకటి కలదు. కంబమునకు బిగించిన మరమేకులు, రివెట్లు, పట్టీలు తరచుగా స్టెయిన్‌లెస్ ఉక్కువి. రెండు వేరువేరు లోహములు ఒకదానినొకటి తాకుచు, నడుమ ఉప్పునీరు నిలిచినచో అది చిన్న విద్యుత్ ఘటమగును. టార్చిలైటులో మరచిపోయిన పాతరకపు బ్యాటరీ కొంతకాలమునకు కారుట మీకు తెలియును. అందలి తుత్తునాగపు డబ్బా కరిగిపోవుటయే దానికి కారణము. ఇక్కడ ఆ తుత్తునాగము స్థానము అల్యూమినియమునకు కలుగును. ఉక్కు మరమేకు చెక్కుచెదరదు. దాని చుట్టునున్న కంబము తెల్లని పిండిగా మారును. ఆ పిండి ఉబ్బి రంగును పైకెత్తును. రంగుపై పొక్కు కనబడినచోట క్రింద ఏదో జరుగుచున్నదని గ్రహింపవలెను. ఈ కారణముననే హైదరాబాదు హుస్సేన్ సాగరమువంటి మంచినీటి చెరువులలో తిరుగు పందెపు పడవల కంబములకంటె సముద్రపు పడవల కంబములు త్వరగా చెడును.

పని ప్రారంభించుటకు ముందు చెప్పవలసిన మాట యొకటి యున్నది. దీనిని తక్కినవన్నియు మరచినను మరువరాదు. కంబమును దింపునప్పుడును మోయునప్పుడును తలపైకి చూడవలెను. పొలములో నీటిగొట్టమును నిలువున ఎత్తి పైనున్న కరెంటు తీగకు తగిలించి మరణించినవారిని గూర్చి మనము వినుచునేయున్నాము. అల్యూమినియపు కంబము విద్యుత్తును చక్కగా పారనిచ్చును. మన పల్లెల మీదుగా పోవు తీగలలో 11 వేల వోల్టులవి కలవు. వాటిని తాకనక్కరలేదు, మిక్కిలి దగ్గరకు చేరినను నిప్పు దూకగలదు. తీగలు లేని దారిని ముందుగా నడచి చూచుకొని, కంబమును అడ్డముగనే మోయవలెను.

దింపిన కంబమును వంగకుండ మూడు నాలుగు చోట్ల ఆనికలపై పెట్టి, మంచినీటితో ఉప్పు పోవునట్లు కడుగవలెను. ఏ సామగ్రి యెచ్చట నుండెనో గుర్తు వ్రాసికొని ఒక్కొక్కటిగా విప్పవలెను. పట్టుకొనిపోయిన మరమేకును బలవంతముగా త్రిప్పిన తల తెగును. నూనె వేసి, కొలది వేడిమి చూపి, ఓపికతో మరల మరల కదల్పవలెను. నా యెరుకలో ఈ పని యంతటిలో ఓర్పును ఎక్కువ పరీక్షించునది యిదియే. తరువాత కంబపు పాదమును, తాళ్లు పోవు కప్పీల రంధ్రములను, అడ్డుకొయ్యలు తగులు చోట్లను భూతద్దముతో పరీక్షింపవలెను. పాదమున నీరు నిలుచును గనుక అది ముందు చెడును. వెండ్రుకవాసి బీటయైనను కనబడినచో, లేక గోడ మందము తరిగినదని తోచినచో, రంగుడబ్బా మూతపెట్టి, తెలిసిన పనివానిని పిలువవలెను. బీటపై వేసిన రంగు దానిని కనబడకుండ చేయును గాని కంబమును నిలుపజాలదు.

ఇక నిర్ణయము. ఆనోడైజు పొర చాలవరకు చెడని కంబమునకు రంగు వేయకుండుటయే మేలని నా అభిప్రాయము. కడిగి, మైనము రుద్ది విడిచిన చాలును. ఒకసారి రంగు వేసిన కంబమునకు మరల మరల వేయుచుండవలెను.

రంగు తప్పదనుకొన్నచో పాతరంగును గీకి తీయవలెను. కాస్టిక్ సోడా కలిసిన మందు లోహమునే కరగించును గనుక కూడదు. ఇనుప కుచ్చును, ఇనుపతీగల బ్రష్షును ముట్టరాదు. వాటి తునుకలు లోహములో గ్రుచ్చుకొని, నేను పైన చెప్పిన విద్యుత్ ఘటములను వందలకొలది పుట్టించును. గరుకు కాగితముతోనే రుద్దవలెను, మొదట ముదుక 80, తరువాత సన్నము 120. ముక్కునకు మూసిక తప్పనిసరి. పిమ్మట జిడ్డు తీయు ద్రావకముతో ఒక గుడ్డను తడిపి తుడిచి, అది ఆరకముందే మరియొక పొడిగుడ్డతో తుడువవలెను. ఒకే గుడ్డతో తుడిచిన జిడ్డు చోటు మారునే గాని పోదు. శుభ్రమైనదా లేదా యని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. మంచినీరు పోసి చూడవలెను. తామరాకుపైవలె బొట్లుబొట్లుగ నిలిచినచో జిడ్డు మిగిలియున్నది. ఎడతెగని పొరగా పరచుకొన్నచో శుభ్రమైనది.

రుద్దిన లోహముపై పొర వెంటనే మరల కట్టుటకు మొదలిడును. కావున ఆరిన పిమ్మట అదేదినమున, కొలది గంటలలో, రెండు డబ్బాలు కలుపు ఎపాక్సీ ప్రైమరును పట్టింపవలెను. ఈ తొందరయే పనికి ప్రాణము. వెనుకటి పసుపుపచ్చని క్రోమేటు ప్రైమరు లోహమునకు మంచిదే గాని, ఆ క్రోమియము మనుష్యులకు క్యాన్సరు కలిగించునది. దాని జోలికి పోవలదు. ఓడల అడుగున నాచు పట్టకుండ పూయు రంగులలో తరచుగా రాగి యుండును. ఆ డబ్బాను కంబము దరిదాపులకు తేరాదు. ప్రైమరు గట్టిపడిన పిమ్మట గుంటలను ఎపాక్సీ లప్పముతో పూడ్చి, నునుపుచేసి, మరల ప్రైమరు వేసి, ఆపైన పాలియురితేను రంగును రెండు మూడు పలుచని పూతలుగా వేయవలెను. ఈ రంగులో ఐసోసయనేటులు కలవు. యంత్రముతో చిమ్మినచో ఆ తుంపర ఊపిరితిత్తులను పట్టి ఉబ్బసము తెచ్చును. ముక్కునకు కట్టిన గుడ్డ దానిని ఆపదు. ఇంటివద్ద చేయువారు ఆరుబయట, చేతులకు తొడుగులతో, రోలరుతోను బ్రష్షుతోను వేయుటయే క్షేమము.

తెల్లవారుజామున బయటనున్న బిందెపై మంచు చెమర్చునట్లు కంబముపైనను చెమర్చును. ఆ తడి కంటికి కనబడకున్నను రంగు నిలువదు. అందుచే ఎండ కొంత పైకి వచ్చినపిదప మొదలిడి, సాయంకాలపు చెమ్మకు ముందే పూత ఆరునట్లు ముగింపవలెను. నడియెండలో కాలుచున్న లోహముపై వేసిన రంగు పొక్కులెత్తును.

ఒక వారము గట్టిపడనిచ్చి సామగ్రిని మరల బిగింపవలెను. ఇప్పుడు ప్రతి ఉక్కు పట్టీ క్రిందను పలుచని నైలాను రేకు, ప్రతి మరమేకు మరలకును లోహములను వేరుచేయు ముద్ద ఉండవలెను. రంధ్రపు అంచులకు కూడ రంగు తాకింపవలెను. త్రుప్పు ప్రవేశించు ద్వారములు అవియే. కంబము లోపల రంగు వేయుట సాధ్యము కాదు గనుక, పాదమున నీరు పోవు రంధ్రము రంగుతో గాని లప్పముతో గాని పూడకుండ, నిలబెట్టుటకు ముందే ఒక పుల్లతో పొడిచి, పైనుండి చెంబెడు నీరు పోసి, అది క్రిందికి వచ్చుచున్నదో లేదో చూడవలెను.