బోరు నీరు తియ్యగా ఉన్నా చేను చౌడెక్కుతోందా? జిప్సం కొనే ముందు ఇది చదవండి

ఖమ్మం వైపు నల్లరేగడి అయినా, భద్రాచలం వైపు అడవి అంచు ఎర్ర చెలక అయినా, కాలువ అందని చోట చివరి తడులకు బోరే దిక్కు. నోట్లో పోసుకుంటే ఉప్పగా లేదు కదా అని ఆ నీటిని మంచిదే అనుకుంటాం. కానీ నేలను పాడుచేసేవన్నీ నాలుకకు తెలియవు.

నీటిలో ఏముంటుంది?

వాన నీరు రాళ్ల మధ్య నుంచి కిందికి దిగుతూ కొన్ని లవణాలను కరిగించుకుంటుంది. నీటి ఇ.సి. 1 ఉంటే లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నట్టు లెక్క. ఎకరంలో అంగుళం లోతు తడి అంటే సుమారు లక్ష లీటర్లు. అంటే ఒక్క తడితో 64 కిలోల లవణాలు మీ చేలోకి వస్తాయి. పది తడులకు 640 కిలోలు. నీరు ఆవిరైపోతుంది, లవణాలు మాత్రం నేలలోనే మిగులుతాయి. మంచి వానలు పడి కిందికి కడిగేస్తేనే అవి పోతాయి.

ఉప్పు వేరు, సోడా వేరు

మామూలు ఉప్పులు ఎక్కువైతే నేల మీద తెల్లటి పొర కడుతుంది. ఇది పాల చౌడు. నేలలో తడి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు, మొక్క వాడిపోతుంది. పత్తి దీన్ని కొంతవరకు తట్టుకుంటుంది, మిర్చి తట్టుకోదు.

సోడా జాతి లవణాలు, అంటే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ఉంటే కథ వేరు. ఇవి క్షారాలు. వెనకట చౌడు మట్టితో బట్టలు ఉతికింది వీటి బలంతోనే. చేతికి జారుడుగా తగిలేది కూడా అందుకే. క్షారం చర్మం మీది జిడ్డును సబ్బుగా మారుస్తుంది. క్షార గుణాన్ని పి.హెచ్. తో కొలుస్తారు. 7 అంటే తటస్థం. ఒక్క అంకె పెరిగితే క్షారం పది రెట్లు పెరిగినట్టు. కాబట్టి 9 ఉన్న నీరు 7 ఉన్న నీటికన్నా వంద రెట్లు క్షారం.

ఇలాంటి నీరు పెడితే నేలలోని కాల్షియం సున్నంగా గడ్డకట్టి పక్కకు తప్పుకుంటుంది. సోడియం బంకమట్టి రేణువులకు అతుక్కుని వాటిని విడగొడుతుంది. సందులు మూసుకుపోయి నీరు ఇంకదు, వేరుకు గాలి ఆడదు. నేలలోని సేంద్రియ పదార్థం కరిగి పైకి నల్లగా తేలుతుంది. ఇది కారు చౌడు.

ఇంట్లోనే ఒక పరీక్ష

రెండు గాజు గ్లాసుల్లో వాన నీరు పోయండి. ఒకదాంట్లో మంచి చోటి మట్టి, రెండోదాంట్లో పంట రాని చోటి మట్టి ఒక్కో చెంచా వేసి కలిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. పంట రాని చోటి మట్టి కలిపిన నీరు బురదగానే ఉండిపోతే సోడియం ఉందని అనుమానించాలి. త్వరగా తేటపడితే ఉప్పు కావచ్చు. ఇది అంచనా మాత్రమే, ఖాయం చేసేది ప్రయోగశాలే.

నీటి నమూనా ఇలా తీయండి

బోరును అరగంట నడవనివ్వండి. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత పెట్టండి. పేరు, ఊరు, సర్వే నంబరు, బోరు లోతు, పంట రాసి అంటించండి. మట్టిని చౌడు మచ్చల నుంచి వేరుగా, మంచి చోటి నుంచి వేరుగా తీయాలి. రెండూ కలిపితే ఫలితం తప్పుతుంది. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, మీ వ్యవసాయ విస్తరణాధికారిని గానీ అడిగి పరీక్షకు ఇవ్వండి. పి.హెచ్., ఇ.సి. తో పాటు ఆర్.ఎస్.సి. కూడా చూడమని చెప్పండి. నీటిలో సోడా ఎంత మిగులుతుందో చెప్పేది అదే.

ఫలితం వచ్చాక

ఆర్.ఎస్.సి. 1.25 లోపు ఉంటే భయం లేదు. 1.25 నుంచి 2.5 వరకు జాగ్రత్త. 2.5 దాటితే అలాగే వాడకూడదు, జిప్సం కావాలి. ఒక్కో యూనిట్ తగ్గించడానికి ఎకరంలో అంగుళం తడికి సుమారు 9 కిలోల శుద్ధమైన జిప్సం పడుతుంది. ఉదాహరణకు 4.5 నుంచి 2.5కి దించాలంటే 18 కిలోలు. బజారు సరుకు అంత శుద్ధంగా ఉండదు కాబట్టి కొంచెం ఎక్కువ పడుతుంది.

నేల పి.హెచ్. 8.5 దాటి కారు చౌడని తేలితే, ప్రయోగశాల చెప్పిన మోతాదులో జిప్సం చల్లి పైమట్టిలో కలపండి. చిన్న మడులు కట్టి నీరు నిలిపి, కొన్ని రోజుల తర్వాత ఆ నీటిని మురుగు కాలువలోకి వదిలేయండి. ఇలా కడగకపోతే విడిపోయిన సోడియం చేలోనే ఉంటుంది. తర్వాత జీలుగ వేసి కలియదున్నితే నేల గుల్లబారుతుంది.

పాల చౌడుకు జిప్సం వేసి డబ్బు పోగొట్టుకోకండి. దానికి కావలసింది మంచి నీటితో కడగడం, మురుగు పోయే దారి.

పొయ్యి బూడిద కూడా క్షారమే. ఎక్కువ వాన పడే అడవి అంచు ఎర్ర చెలకల్లో కొంచెం వేస్తే మేలు చేయవచ్చు గానీ, కారు చౌడులో వేయకండి.

పక్క చేను రైతు జిప్సం వేశాడని మీరూ వేయకండి. ఆయన బోరు వేరు, మీ బోరు వేరు. ముందు సీసాడు నీరు పరీక్షకు పంపండి, ఆ తర్వాతే బస్తా కొనండి.