5.4 అల్యూమినియం రేణువు – ఆక్సైడ్ పొర – అధిక ఉష్ణోగ్రత

అల్యూమినియం 660° సెల్సియస్ వద్ద కరుగుతుందని మీకు తెలుసు. మరి 30 మైక్రోమీటర్ల వ్యాసం గల అల్యూమినియం రేణువును ఆక్సిజన్ ఉన్న వేడి వాయువులో ఉంచితే, అది కరగగానే అంటుకుంటుందా? అంటుకోదు. సాధారణంగా సుమారు 2,000° వరకు వేడెక్కవలసిందే. ఇందుకు కారణం రేణువును కప్పి ఉన్న ఆక్సైడ్ పొర.

ఈ పొర మందం 2 నుంచి 4 నానోమీటర్లు మాత్రమే. అయినా గట్టిది. ఆక్సీకరణం చెందిన లోహం ఘనపరిమాణం కంటే ఏర్పడే ఆక్సైడ్ ఘనపరిమాణం సుమారు 1.28 రెట్లు కనుక, పొర లోహాన్ని పూర్తిగా కప్పగలుగుతుంది. మెగ్నీషియంలో ఈ నిష్పత్తి 0.81. అక్కడ పొర చాలదు, పగుళ్ళు మిగిలిపోతాయి.

ఇప్పుడు రేణువును వేడి చేద్దాం. 660° వద్ద లోపలి లోహం కరిగి, సుమారు 6 శాతం వ్యాకోచిస్తుంది. పైపొర మాత్రం దాదాపు 2,050° వరకు ఘనరూపంలోనే ఉంటుంది. అంటే గట్టి సంచిలో ద్రవం నింపినట్లు. ఒత్తిడికి పొర పగిలినా, బయటపడిన లోహం వెంటనే ఆక్సీకరణం చెంది పగులును పూడ్చివేస్తుంది. ఈ విషయాన్ని విద్యార్థులు తరచుగా విస్మరిస్తారు. చివరకు ఆక్సైడ్ కూడా కరిగినప్పుడు తలతన్యత వల్ల అది ఒక పక్కకు టోపీలా ముడుచుకుంటుంది. మిగిలిన భాగంలో లోహం బయటపడి, ఆవిరై, రేణువు చుట్టూ మంటగా మండుతుంది.

శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలోని ఘన ఇంధనంలో అల్యూమినియం చూర్ణం ఉంటుంది. జ్వలనం ఆలస్యమైన కొద్దీ, ఇంధనం ఉపరితలంపై కరిగిన రేణువులు ఒకదానికొకటి అతుక్కొని పెద్ద బిందువులవుతాయి. పెద్ద బిందువు పూర్తిగా మండకముందే నాజిల్ దాటిపోతే దానిలోని శక్తి వృథా అయినట్లే.

మరి చూర్ణాన్ని ఇంకా సన్నగా చేస్తే? నానో రేణువులు 1,000° లోపే అంటుకుంటాయి, నిజమే. కాని 80 నానోమీటర్ల వ్యాసం గల రేణువుపై 3 నానోమీటర్ల పొర ఉందనుకోండి. లోహ గర్భం వ్యాసార్ధం 37, మొత్తం వ్యాసార్ధం 40. ఈ నిష్పత్తి ఘనం 0.79. అంటే ఘనపరిమాణంలో 21 శాతం మండక ముందే ఆక్సైడ్! ఆక్సైడ్ సాంద్రత ఎక్కువ కనుక ద్రవ్యరాశిలో దాని వాటా ఇంకా ఎక్కువ.

అభ్యాసం: పైన చెప్పిన 30 మైక్రోమీటర్ల రేణువుకు ఇదే మందం గల పొర ఉంటే ఆక్సైడ్ ఘనపరిమాణ శాతం ఎంత?