ఇసుకలో ఈదే నలికిరులు

థార్ ఎడారిలో ఉదయం పూట ఇసుక దిబ్బలపై మెలికలు తిరిగిన సన్నని గాళ్లు కనిపిస్తాయి. వాటిని గీసిన ప్రాణి మాత్రం పైన కనిపించదు. అది ఇసుక పొర క్రిందుగా సాగిపోయిన నలికిరి. మన పొలం గట్లపై ఎండుటాకుల చాటున జారిపోయే నలికండ్ల పాముకు ఇది దూరపు బంధువు. ఈ కుటుంబంలో 1,500కు పైగా జాతులున్నాయి. వాటిలో వదులు ఇసుకనే ఇల్లుగా చేసుకొన్నవి కొద్దిపాటివి.

థార్ నలికిరికి కాళ్లు కురచ, ఒక్కొక్క కాలికి మూడే వేళ్లు. క్రింది దవడ పై దవడలోనికి ఒదిగి ఉండుట వలన నోటిలోనికి ఇసుక చొరబడదు. క్రింది కనురెప్పలో పారదర్శకమైన పొర ఉన్నందున కన్ను మూసికొనియే చూడగలదు. సహారా, అరేబియా ఎడారులలోని ‘ఇసుక చేప’కు ఐదేసి వేళ్లున్నా, ఇసుకలో దిగిన పిదప అది వాటిని వాడదు. 2009లో అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు ఎక్స్-రే చిత్రాలతో ఈ సంగతిని నిరూపించారు. కాళ్లను ఒంటికి అదుముకొని, దేహాన్ని అలలుగా వంచుతూ అది ముందుకు సాగుతుంది. రేణువుల మధ్య నున్న గాలినే పీల్చుకొంటుంది.

మధ్యాహ్నం ఇసుక ఉపరితలం 60 డిగ్రీల సెల్సియస్ దాటినా, కొద్ది అంగుళాల లోతున చాలా చల్లగా ఉంటుంది. పొడి ఇసుక వేడిని త్వరగా లోనికి పోనీయదు. పైపొర ఆరిపోవుట వలన అడుగు తేమ కూడ నిలుస్తుంది. మెట్ట రైతు అంతరకృషితో పైమట్టిని గుల్లపరచి సాధించేదీ ఇదే. మూత్రాన్ని యూరిక్ ఆమ్లపు ముద్దగా విసర్జించుట వలన నీటి నష్టం మరింత తగ్గుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఎడారి సేద్యానికి దిబ్బలు కదలరాదు. 1959లో జోధ్‌పూర్‌లో ఏర్పడిన కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థ చెట్లు, గడ్డి నాటించి దిబ్బలను స్థిరపరచుటకు ఎంతో కృషి చేసింది. ఇందిరాగాంధీ కాలువ నీరు పశ్చిమ రాజస్థాన్‌లో విస్తారమైన ఇసుక నేలను సాగులోనికి తెచ్చింది. రైతుకు ఇవి వరాలు. అక్కడి పల్లెలు ఇసుక మేటల వలన పడిన కష్టం తెలిసిన వారెవరూ కాదనరు. కాని వేళ్లు పెనవేసుకొన్న ఇసుకలోను, తడిసి బిగిసిన ఇసుకలోను నలికిరి ఈదలేదు; వేరొక చోట బ్రతుకుటకు అనువైన కాళ్లూ దానికి లేవు. పొలాలకు, బాటలకు, ఇళ్లకు ముప్పు తేని దిబ్బలను బంజరుగా లెక్కించి నాటుటకు ముందు, వాటిపై ఉదయం పూట ఆ గాళ్లున్నవో లేవో చూచుట అవసరం.