లెక్కల్లేవట!

పార్లమెంటులో చుక్కగుర్తు లేని ప్రశ్నకు మంత్రి లేచి మాట్లాడక్కర్లేదు. జవాబు రాసి సభ ముందుంచితే చాలు. ఎదురు ప్రశ్న ఉండదు.

2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు పోతూ దారిలో చనిపోయిన వలస కూలీలెందరని లోక్‌సభలో అడిగితే, లెక్కల్లేవని కార్మిక శాఖ రాసిచ్చింది. 2021 శీతాకాల సమావేశాల్లో, ఢిల్లీ సరిహద్దు పోరాటంలో చనిపోయిన రైతుల మాటెత్తితే వ్యవసాయ శాఖదీ అదే పాట: రికార్డు లేదు, కనుక సాయం ప్రశ్నే రాదు.

లెక్క రాయకపోతే పరిహారం ఇవ్వక్కర్లేదు. ఇదీ కిటుకు! అయితే రైతు సంఘాలు ఊరుకోలేదు. చనిపోయినవారి పేర్లు తామే రాసి చూపించాయి.

మనమూ అంతే చేయాలి. రాని కూలి, పోయిన ప్రాణం ఊరూరా రాసిపెడదాం. ఆ జాబితాతోనే మన ఎంపీల చేత ప్రశ్న వేయిద్దాం. అప్పుడు లెక్కల్లేవని ఎట్లా అంటారో చూద్దాం!