అనబాలిక్ స్టెరాయిడ్ల వాడకం: రక్తపరీక్షల ఆవశ్యకత, ఫలితాల అవగాహన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అనబాలిక్ స్టెరాయిడ్లు పురుష హార్మోనైన టెస్టోస్టిరాన్‌ను పోలిన కృత్రిమ రసాయనాలు. వైద్యుని పర్యవేక్షణ లేకుండా కండరాల పెంపు కోసం వీటిని వాడేవారి ఆరోగ్యాన్ని రక్తపరీక్షలతో ఎలా గమనించాలో, ఆ ఫలితాలను పొరపాటుగా అర్థం చేసుకొనే సందర్భాలు ఏవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాడకాన్ని దాచినప్పుడు పరీక్షాపత్రమే వైద్యుణ్ణి తప్పుదారి పట్టించగలదని, ‘నార్మల్’ అన్న మాట వాడకానికి అనుమతి కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మహబూబాబాద్ జిల్లా గూడూరు వంటి మండల కేంద్రంలోని పరిస్థితులను ఇందుకు నేపథ్యంగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: అనబాలిక్ స్టెరాయిడ్లు, టెస్టోస్టిరాన్, హెమటోక్రిట్, క్రియాటినిన్, వ్యాయామశాల, గూడూరు.

1. ఉపోద్ఘాతం:
టెస్టోస్టిరాన్‌ను 1935లో వేరుచేసి, అదే ఏడాది కృత్రిమంగా తయారుచేశారు. ఈ రంగంలో కృషిచేసిన బుటెనాంట్, రుజిచ్కాలకు 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వృషణాల పనితీరు లోపించినవారికి, యౌవనారంభం ఆలస్యమైనవారికి ఈ వర్గం మందులు నేటికీ ఉపయోగపడుతున్నాయి. మన దేశంలో వీటిని వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలి. చీటీ లేకుండా వ్యాయామశాలల ద్వారా చేతులు మారినప్పుడే సమస్య మొదలవుతుంది.

స్టెరాయిడ్ల పరీక్ష అనగానే డోపింగ్ పరీక్ష గుర్తుకు వస్తుంది. 2011లో భారత మహిళా రిలే పరుగు క్రీడాకారిణులు కొందరు మెథాండియెనోన్ పరీక్షలో పట్టుబడిన ఉదంతం ప్రసిద్ధం. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ 2005లో ఏర్పడగా, 2022లో చట్టం వచ్చింది. అయితే ఆ పరీక్ష, ప్రధానంగా మూత్రంలో, నిషిద్ధ పదార్థాన్ని వెదకుతుంది. దాని లక్ష్యం పోటీలో న్యాయం. ఆరోగ్యపరీక్ష లక్ష్యం వేరు. మందు శరీరానికి ఏమి చేసిందో అది చూస్తుంది. పోటీలకు వెళ్ళని సాధారణ యువకుడు మొదటి పరీక్ష పరిధిలోకి రాడు. రెండవదాన్ని తనంతట తాను కోరడు.

2. శరీరంలో జరిగే మార్పు:
మెదడులోని హైపోథాలమస్, పీయూష గ్రంథి, వృషణాలు ఒక గొలుసుగా పనిచేస్తాయి. పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్లు వృషణాలను ప్రేరేపిస్తాయి. బయటి నుంచి స్టెరాయిడ్ చేరితే మెదడు ఈ ప్రేరణను ఆపివేస్తుంది. ఫలితంగా సొంత హార్మోను ఉత్పత్తి, వీర్యకణాల సంఖ్య పడిపోతాయి. మందు ఆపిన తరువాత గొలుసు కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, కొందరికి ఏడాది దాటవచ్చు. ఆ మధ్యకాలంలో నీరసం, లైంగిక ఆసక్తి లోపించడం, తీవ్రమైన దిగులు కలుగుతాయి. చాలామంది మళ్ళీ మందు మొదలుపెట్టేది ఈ దశలోనే.

3. పరీక్షలు - ఫలితాల అవగాహన:

3.1 రక్తకణాల పరీక్ష: స్టెరాయిడ్లు ఎర్రకణాల ఉత్పత్తిని పెంచుతాయి. రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే భాగాన్ని హెమటోక్రిట్ అంటారు. పురుషులలో ఇది సుమారు 40 నుంచి 50 శాతం ఉంటుంది. వైద్యులు ఇచ్చే టెస్టోస్టిరాన్ చికిత్సలోనే ఇది 54 శాతం దాటితే మందు ఆపాలన్నది అంతర్జాతీయ మార్గదర్శక సూత్రం. చిక్కబడిన రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. నీరు తక్కువగా తాగినా ఈ సంఖ్య పెరుగుతుంది కనుక అనుమానం ఉంటే మళ్ళీ పరీక్షించాలి.

3.2 కొవ్వుల పరీక్ష: మంచి కొలెస్టరాల్‌గా పేరున్న హెచ్.డి.ఎల్. పడిపోయి, ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. నోటి ద్వారా తీసుకొనే స్టెరాయిడ్లతో ఈ మార్పు ఎక్కువ. బయటికి ఏ లక్షణమూ కనిపించదు.

3.3 కాలేయ పరీక్ష: ఎ.ఎస్.టి., ఎ.ఎల్.టి. అనే ఎంజైములు కాలేయంలోనే కాక కండరాలలోనూ ఉంటాయి. బరువులు ఎత్తిన తరువాత ఇవి వారం రోజుల వరకు ఎక్కువగా ఉండవచ్చు. అందువల్ల ఆరోగ్యవంతునికి కాలేయవ్యాధి ఉందని భ్రమపడవచ్చు. అసలు కాలేయం దెబ్బతిన్నా ‘వ్యాయామం వల్లే’ అని కొట్టిపారేసే ప్రమాదమూ అంతే ఉంది. కండర ఎంజైము సి.కె., కండరాలకు సంబంధించని జి.జి.టి., వాటితోపాటు బిలిరుబిన్‌ను కలిపి చూస్తే మూలం తెలుస్తుంది.

3.4 మూత్రపిండాల పరీక్ష: ఇక్కడ ఒక తెలుగు శాస్త్రవేత్తను స్మరించుకోవాలి. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీరద్రవాలలో భాస్వరాన్ని కొలిచే రంగుల పద్ధతిని రూపొందించారు. ఆ పరిశోధనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలుగులోకి తెచ్చింది. కండరంలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుంచే క్రియాటినిన్ నిరంతరం ఏర్పడుతుంది. కాబట్టి కండలు ఎక్కువగా ఉన్నవారిలో, క్రియాటిన్ పొడి వాడేవారిలో మూత్రపిండాలు బాగున్నా క్రియాటినిన్ ఎక్కువగా కనిపించవచ్చు. కండరాల ప్రభావం తక్కువగా ఉండే సిస్టాటిన్-సి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఈ సందేహాన్ని తీరుస్తాయి.

3.5 హార్మోన్ల పరీక్ష: టెస్టోస్టిరాన్‌తోపాటు ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్.లను ఉదయం వేళ పరీక్షించాలి. నాండ్రొలోన్ వంటి మందు మాత్రమే వాడే వ్యక్తికి టెస్టోస్టిరాన్ తక్కువగా రావచ్చు. అది హార్మోను లోపమని భావించి మరింత మందు ఇస్తే అపాయం. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని యంత్రాలలో హార్మోన్ల ఫలితాలను తారుమారు చేస్తాయి.

3.6 అంటువ్యాధుల పరీక్ష: సూదులను గాని, ఒకే మందుసీసాను గాని పంచుకున్నవారు హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పక చేయించుకోవాలి.

4. రక్తం చెప్పని సంగతి:
రక్తపరీక్షలన్నీ సక్రమంగా ఉన్నా గుండె దెబ్బతిని ఉండవచ్చు. 2017లో ‘సర్క్యులేషన్’ పత్రికలో వెలువడిన అమెరికా అధ్యయనం బరువులెత్తే 140 మంది పురుషులను పరిశీలించింది. వారిలో 86 మంది దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారు. గుండె ప్రతి సంకోచంలో వెలువరించే రక్తభాగం వాడనివారిలో సగటున 63 శాతం కాగా, వాడినవారిలో 52 శాతం. కనుక రక్తపోటు, ఇ.సి.జి., ఎకో పరీక్షలు లేని పర్యవేక్షణ అసంపూర్ణం.

5. గూడూరు నేపథ్యం:
గూడూరు వంటి మండల కేంద్రంలో హార్మోన్ల నిపుణుడు చేరువలో ఉండడు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం కింద 2021లో ఏర్పడిన జిల్లా కేంద్రాలలో మహబూబాబాద్ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సేకరించిన నమూనాలు అక్కడికి చేరతాయి, పరీక్షలు ఉచితం. రక్తకణాలు, కొవ్వులు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు సామాన్యమైనవే. మహబూబాబాద్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. కోయలు నివసించే ఈ ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. సికిల్ సెల్ లక్షణం ఉన్నవారిలో మితిమీరిన శ్రమ కండరాల విచ్ఛిత్తికి దారితీయవచ్చు కనుక, ఆ పరీక్ష కూడా చేయించడం మేలు.

లోపించేది పరీక్ష కాదు, మాట. ‘ఏమైనా మందులు వాడుతున్నావా నాయనా?’ అని నింద లేకుండా అడిగే వైద్యుడు, విన్నది ఇంటికి చేరదన్న నమ్మకం ఉంటేనే యువకుడు నోరు విప్పుతాడు. డిగ్రీ కళాశాల అధ్యాపకుడు ఆ నమ్మకానికి తొలి మెట్టు కాగలడు.

6. ముగింపు:
1. రక్తం ఇవ్వడానికి ముందు వారం రోజులు భారీ వ్యాయామం మానాలి. వాడిన ప్రతి మందునూ, పొడినీ వైద్యునికి చెప్పాలి.
2. ఒక్క సంఖ్యను బట్టి నిర్ణయానికి రాకూడదు. ఎంజైములు, క్రియాటినిన్, హార్మోన్లను పరస్పరం పోల్చి చూడాలి.
3. ఛాతీనొప్పి, ఆయాసం, ఒక కాలు వాపు, కామెర్లు, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే నివేదిక కోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.
4. మందు ఆపిన తరువాత కూడా పరీక్షలు కొనసాగాలి. దిగులు కలిగితే సొంత వైద్యం చేసుకోకూడదు.
5. పరీక్షలు హానిని ముందుగా పసిగట్టగలవే గాని హానిని తొలగించలేవు. మందు మానడమే నిజమైన రక్షణ. మానలేనివారిని సైతం ఆసుపత్రి గడప దాటించడం సమాజ బాధ్యత.