ఆటల ఇంజను: అద్దె నిబంధనలు

గోపాలపట్నమునకు చేరువనున్న అనకాపల్లి సీమలో, సొంత గానుగ లేని రైతు అద్దె గానుగలో చెఱకు ఆడించుకొనుట మనమెరిగినదే. వీడియో ఆటల పరిశ్రమలోను ఇట్టి పద్ధతియే గలదు. తెరపై బొమ్మలను కదలించి, ధ్వనిని వినిపించు మూల ప్రోగ్రామును ‘ఇంజను’ అందురు. దానిని నిర్మించిన సంస్థ ఇతరులకు లైసెన్సుపై ఇచ్చును. 1998లో వెలువడిన ‘హాఫ్‌-లైఫ్‌’ ఆటను వాల్వ్‌ సంస్థ ‘క్వేక్‌’ ఇంజను ఆధారముగా ఇట్లే నిర్మించినది.

‘అన్‌రియల్‌’ ఇంజనుతో చేసిన ఆట రాబడి 10 లక్షల డాలర్లు దాటినచో, దాటిన మొత్తముపై సాధారణముగా నూటికి 5 వంతున రాయల్టీ చెల్లింపవలెను. 2023లో యూనిటీ సంస్థ ఆటను దింపుకొన్న ప్రతిసారికి రుసుము ప్రకటింపగా నిర్మాతలు ప్రతిఘటించిరి. 2024లో అది రద్దయ్యెను. ‘గొడాట్‌’ ఇంజను ఉచితము.

కావున ఈ వృత్తి చేపట్టు గ్రామ యువకులు సంతకమునకు ముందే షరతులన్నియు చదువునట్లు చూడవలెనని పంచాయతీ సభ్యులకు మా మనవి.