సినిమాకు డబ్బు ఎవరిస్తారు?

పోయిన నెల మా అక్క కొడుకు డబ్లిన్‌లోని మా ఇంటికి వచ్చాడు. టీ తాగాక సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు.

"పిన్నీ, ముత్తాత కథ సినిమాగా తీస్తున్నాను. నువ్వు 20 వేల డాలర్లు పెట్టాలి. సంతకం ఇక్కడ" అన్నాడు.

వాడి ముత్తాత అంటే మా తాత. మద్రాసులో ఓడ ఎక్కి, ఐదేళ్ల గిర్మిట్ మీద ఫిజీ వెళ్లాడు. "అగ్రిమెంటు" అనే ఇంగ్లీషు మాటే మనవాళ్ల నోట "గిర్మిట్" అయింది. తాతకు చదువు రాదు. కాగితంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేశాడు. నేను టీచరుని. చదవకుండా సంతకం ఎలా పెడతాను? అందుకే తెలుగు సినిమాకు డబ్బు ఎలా వస్తుందో ముందు తెలుసుకున్నాను.

మన ఊళ్లో హసియెండా క్రాసింగ్స్ థియేటరులో మనం టికెట్ కొంటాం. అది చివరి మెట్టు. మొదటి మెట్టు కథ. దర్శకుడు నిర్మాతకు కథ వినిపిస్తాడు. నచ్చితే ఇద్దరూ వెళ్లి హీరోకు వినిపిస్తారు. హీరో సరే అంటే అడ్వాన్స్ ఇచ్చి కాల్షీట్లు తీసుకుంటారు. కాల్షీట్లు అంటే అతను షూటింగుకు ఇచ్చే రోజులు. పెద్ద సినిమాకు అసలైన అనుమతి అదే. హీరో పేరు చూసి ఫైనాన్షియర్ వడ్డీకి అప్పు ఇస్తాడు. భారత ప్రభుత్వం సినిమాను పరిశ్రమగా గుర్తించింది 1998లోనే. అంతకు ముందు బ్యాంకు అప్పు దొరకడం కష్టం. అందుకే వడ్డీ వ్యాపారుల డబ్బు అలవాటైంది.

తర్వాత హక్కులు అమ్ముతారు. సినిమా పూర్తి కాకముందే డిస్ట్రిబ్యూటర్లు ఏరియాల వారీగా కొంటారు. తెలంగాణను "నైజాం" అంటారు. రాయలసీమ "సీడెడ్". 1800లో నిజాం ఆ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. ఇచ్చేసినవి కాబట్టి ఇంగ్లీషులో "సీడెడ్" అన్నారు. నిజాం పాలన పోయింది, కంపెనీ పోయింది, సినిమా వ్యాపారంలో ఆ పేర్లు మిగిలాయి. మనం ఉండే అమెరికా "ఓవర్సీస్" కింద వస్తుంది. టీవీ హక్కులు, ఓటీటీ హక్కులు వేరు.

మరి పెద్ద హీరో లేని సినిమా సంగతి? 2018లో "కేరాఫ్ కంచరపాలెం" వచ్చింది. కంచరపాలెం విశాఖపట్నంలో ఒక పేట. దర్శకుడు వెంకటేష్ మహా ఆ పేటవాళ్లతోనే నటింపజేశాడు. ఎక్కువమందికి కెమెరా కొత్త. డబ్బు పెట్టిన నిర్మాత ప్రవీణ పరుచూరి, అమెరికాలో డాక్టరు. పూర్తయిన సినిమా నచ్చి రానా దగ్గుబాటి ముందుకొచ్చారు. సురేష్ ప్రొడక్షన్స్ దాన్ని విడుదల చేసింది.

ఇంకో దారి కూడా ఉంది. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన హిందీ సినిమా "మంథన్"కు గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు.

ఇదంతా తెలుసుకున్నాక వాడి కాగితాలు మళ్లీ చదివాను. మూడు విషయాలు అందులో లేవు. డబ్బు వస్తే ముందు ఎవరికి ఇస్తారు? హక్కులు అమ్మితే నా వాటా ఎంత? షూటింగు మధ్యలో ఆగితే నా డబ్బు ఏమవుతుంది?

ఫోన్ చేసి అడిగాను. వాడి మనసు నొచ్చుకుంది.

"నా మీద నమ్మకం లేదా పిన్నీ?"

"నీ మీద ఉంది నాన్నా. ఈ కాగితం మీద లేదు."

కొంచెంసేపు వాడు మాట్లాడలేదు. తర్వాత, "సరే, మళ్లీ రాసి తెస్తాను" అన్నాడు. 20 వేలు నా ఒక్కదాని దగ్గర కాకుండా మన కుటుంబాల దగ్గర కొంచెం కొంచెం అడగమన్నాను. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నా అందరికీ ఒకే కాగితం, వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వమన్నాను.

నేనింకా సంతకం పెట్టలేదు. ఆదివారం వాడు కొత్త కాగితాలతో వస్తున్నాడు. కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను.